అరవై గీతల హెడ్‌మాస్టారు

మా పెదనాన్నని ఆస్పత్రిలో అందరూ హెడ్‌మాస్టారు అని పిలిచేవాళ్ళు. ఆయన చదివింది ఏడో తరగతి. అది కూడా పూర్తిగా కాదని మా నాన్న గిల్లుతూ ఉండేవాడు. "పొద్దున్నుంచి సాయంత్రం దాకా తలలతోనే కాపురం, హెడ్‌మాస్టారు కాక మరేంటి?" అని గేటు దగ్గరి వాచ్‌మన్ ఒకరోజు సరదాకి అన్నాడు. అంతే, ఆ పేరు అంటుకుపోయింది. కొన్నాళ్ళకి డ్యూటీ పట్టికలో కూడా అసలు పేరు పోయి అదే వచ్చి కూర్చుంది.

మొదట్లో ఆయనకి ఆస్పత్రి గేటుకి ఎదురుగా రెండు కుర్చీల కటింగ్ షాపు ఉండేది. ఆస్పత్రిలో తల ఆపరేషన్లు మొదలుపెట్టినప్పుడు, ముందు గుండు గీయడానికి ఒక మంచి చెయ్యి కావాల్సి వచ్చింది. రోడ్డు దాటితే పెదనాన్న. అలా అప్పుడప్పుడు వెళ్ళినవాడు ఏడాది తిరిగేసరికి అక్కడి మనిషే అయిపోయాడు. షాపు మూసేసి ఉద్యోగంలో చేరాడు.

రేపు ఆపరేషన్ అనగా మనుషులు ఎలా బిగుసుకుపోతారో ఆయనకి తెలుసు. అందుకని కత్తి తీయకముందే కబుర్లు తీసేవాడు. "నొప్పి పుడుతుందా అన్నా?" అని ఎవరైనా అడిగితే, "జుట్టుకే నొప్పి ఉంటే నేను ఇన్నాళ్ళు బతికి బట్టకట్టేవాణ్ణా?" అనేవాడు. వాళ్ళు నవ్వి తేరుకునేలోపు సగం గుండు అయిపోయేది.

తల పట్టుకుంటే చాలు, ఆ మనిషి ఏ వైపు తిరిగి పడుకుంటాడో, చిన్నప్పుడు ఎక్కడ దెబ్బ తగిలిందో చెప్పేసేవాడు. "మొహాలు కలుస్తాయే చిట్టీ, తలలు కలవవు" అని నాతో అనేవాడు. చిట్టి అంటే నేను, ఆయన తమ్ముడి కూతుర్ని. మా రెండు కుటుంబాలూ ఒకే ఇంట్లో ఉండేవి. పెదనాన్నా పెద్దమ్మా ముందు గదుల్లో, అమ్మా నాన్నా నేనూ వెనక గదుల్లో. వాళ్ళకి పిల్లల్లేరు. కాబట్టి నాకు ఇద్దరేసి తల్లిదండ్రులు, తిట్లు కూడా రెండింతలు.

ఆస్పత్రి మొదటి అంతస్తు చివర ఒక చిన్న గది ఉండేది. కిటికీకి మందపాటి పరదా, ఒక మంచం, మంచం పక్కన బీరువా అంత మిషను. తలకి వైర్లు అంటిస్తే లోపల పుట్టే కరెంటుని ఆ మిషను కాగితం మీద గీతలుగా గీసేది. అందరూ దాన్ని గీతల గది అనేవాళ్ళు. అక్కడ ఒక డాక్టరమ్మ ఉండేది. సన్నగా, పొడుగ్గా, ఎప్పుడూ ఏదో మర్చిపోయినట్టు వెతుక్కుంటూ ఉండే మనిషి.

ఒకరోజు పెదనాన్న తన పెట్టె పట్టుకుని ఆ వరండాలో పోతుంటే గదిలోంచి డాక్టరమ్మ విసుగు వినిపించింది. మంచం మీద ఒత్తైన జుట్టున్న ఒకావిడ. వైరు అంటిస్తే ఊడుతోంది, మళ్ళీ అంటిస్తే మళ్ళీ ఊడుతోంది. ఆవిడకేమో ఏడుపొక్కటే తక్కువ. పెదనాన్న గుమ్మంలో ఆగి, "అమ్మా, ఒక్కసారి నన్ను చూడనిస్తారా?" అన్నాడు. దువ్వెన తోకతో పాయ తీసి, కనిపించిన చర్మాన్ని స్పిరిట్ దూదితో రుద్ది, చిటికెడు జెల్లు పెట్టి, వైరు నొక్కాడు. కదల్లేదు. ఇరవై నిమిషాల్లో ఇరవై ఒక్క వైర్లు. డాక్టరమ్మ వాటిని ఒక్కొక్కటే లాగి చూసి, "నువ్వింక ఎక్కడికీ వెళ్ళకు, ఇక్కడే ఉండు" అంది.

అప్పుడు ఆయన మొదటిసారి ఆ గీతలు చూశాడు. ఆ సంగతి మాకు ఎన్నిసార్లు చెప్పాడో లెక్కలేదు. పెన్నులు వరసగా కదులుతున్నాయి, కాగితం పారుతోంది. అన్నీ పిచ్చిగీతల్లానే ఉన్నాయట. డాక్టరమ్మ ఆవిడతో, "కళ్ళు మూసుకోండమ్మా" అంది. ఆవిడ మూసుకుంది. అంతే, కింది వరసల్లోని పెన్నులు ఒక్కసారిగా ఒద్దికగా ఊగడం మొదలెట్టాయి. సమానమైన అలలు, సెకనుకి పది చొప్పున. "తెరవండి." అలలు మాయం. "మూయండి." మళ్ళీ అలలు.

ఆ కింది పెన్నులు ఏ వైర్లకి కలిసినవో పెదనాన్నకి తెలుసు, అంటించింది తనే కదా. అవి వెనక తలవి. ఆయన ఉండబట్టలేక అడిగాడు. "కళ్ళు ముందున్నాయి కదమ్మా, అల వెనకెందుకు లేచింది?"

"చూసేది కన్ను కాదయ్యా. కన్ను కబురు పంపుతుంది, అంతే. ఆ కబురు అందుకునే చోటు వెనక ఉంది. కబురు రాకపోతే అది ఖాళీగా కూర్చుని అలా ఊగుతుంది."

"కబురు దేంతో పంపుతుంది?"

"కరెంటుతో. మన ఇంట్లో బల్బు వెలిగేంత కాదులే. దీన్ని లక్ష రెట్లు పెంచితే తప్ప ఆ పెన్ను కదలదు."

పెదనాన్న ఆ రోజు తెచ్చుకున్న భోజనం తినకుండానే ఇంటికి తెచ్చేశాడు. పెద్దమ్మ కంగారుపడి ఒంట్లో బాలేదా అని నుదురు పట్టి చూసింది. "ఇన్నేళ్ళూ ఇంటి పైకప్పు దులిపి పోయేవాణ్ణే, లోపల మనుషులున్నారని ఇవాళ తెలిసింది" అన్నాడాయన. ఆ వారమంతా మా తలల మీద వేళ్ళు పెట్టి పాఠాలు. ఇదిగో ఇక్కడ చూస్తావు, ఇక్కడ వింటావు, ఈ చెవి పైన మాట పుడుతుంది, కుడి చెయ్యి కదలాలంటే ఎడమ పక్క నుంచి ఆర్డరు రావాలి. "ఏమిటండీ ఆ తట్టడం? అవి తలలా, పుచ్చకాయలా? పండాయో లేదో చూస్తున్నారా?" అని పెద్దమ్మ కోప్పడింది.

గుండు గీసే పని ఇంకొకరికి అప్పగించి ఆయన గీతల గదికి మారిపోయాడు. ముక్కు మొదలు నుంచి వెనక తల బొడిపె దాకా టేపు పెట్టి కొలవడం, దాన్ని పాళ్ళుగా పంచి పెన్సిలుతో చుక్కలు పెట్టడం నేర్చుకున్నాడు. ఏళ్ళు గడిచాయి. కాగితం పోయి కంప్యూటరు వచ్చింది. ఇరవై ఒక్క వైర్ల చోట అరవై వైర్లున్న టోపీ వచ్చింది. పెదనాన్న జుట్టు నెరిసింది. గీతలు చూసే ఆయన కళ్ళు మాత్రం ఆ మొదటి రోజులాగే ఉండేవి.

మా నాన్న బోర్డులు రాసేవాడు. షాపుల పేర్లు, స్కూలు గోడల మీద అక్షరాలు, బస్సుల వెనక అంకెలు. స్కేలు పెట్టకుండా గీత గీస్తే స్కేలే సిగ్గుపడేది. అన్నదమ్ములకి ఆరేళ్ళ తేడా. నాన్న జుట్టు పెదనాన్న తప్ప ఇంకొకరు ముట్టుకోలేదు. నెలకోసారి ఆదివారం పెరట్లో స్టూలు వేసేవాళ్ళు, ఇక ఇద్దరికీ వాగ్వాదమే. "నా తలలో ఏముందో కూడా ఓసారి చూడు అన్నయ్యా" అనేవాడు నాన్న. "చూడ్డానికేముందిరా, తెరిస్తే సున్నం డబ్బా" అనేవాడు ఈయన.

నేను డిగ్రీ రెండో సంవత్సరంలో ఉండగా, ఒక సోమవారం పొద్దున పది గంటలకి, బట్టల షాపు బోర్డు రాస్తున్న నాన్న నిచ్చెన మీద నుంచి పడిపోయాడు. కిందంతా అప్పుడే తడిగుడ్డ పెట్టిన నున్నటి రాళ్ళు. నిచ్చెన కాలు జారింది. ఎత్తు రెండు నిలువులు కూడా లేదు. పడేటప్పుడు తల పక్కకి గిర్రున తిరిగి నేలకి తగిలింది. తెచ్చింది పెదనాన్న పనిచేసే ఆస్పత్రికే. స్ట్రెచరు మీద ఎవరో రంగులు పూసుకున్న మనిషి వస్తున్నాడని పక్కకి తప్పుకున్నాడట ఆయన. తర్వాత చేతులు చూసి గుర్తుపట్టాడు.

పుర్రె పగల్లేదు. రక్తం ఒకచోట పేరుకోలేదు. ఆపరేషన్ అక్కర్లేదన్నారు. మేం సంతోషపడ్డాం. డాక్టరమ్మ మాత్రం సంతోషపడలేదు. అప్పటికి ఆవిడ మెదడు విభాగానికే పెద్ద. మమ్మల్ని కూర్చోబెట్టి నిదానంగా చెప్పింది. "మెదడులో ఏ గదికి ఆ గది బాగానే ఉన్నట్టుంది. గదుల మధ్య తిరిగే దారులున్నాయే, సన్నటి పోగులు, కోట్ల కోట్లు. తల గిర్రున తిరిగినప్పుడు అవి సాగిపోయాయి. కొన్ని తెగి ఉంటాయి. ఎన్నో నేను చెప్పలేను."

మూడు వారాలు నాన్న కళ్ళు తెరవలేదు. ఊపిరి తనే పీల్చుకునేవాడు, అదొక్కటే. ఒకరోజు అమ్మ పరిగెత్తుకుంటూ గీతల గదికి వెళ్ళి, "బావగారూ, కళ్ళు తెరిచారు! రండి!" అని అరిచింది. పెదనాన్న చేతిలో వైర్లు అలాగే పట్టుకుని వచ్చాడు. నిజమే, కళ్ళు తెరిచే ఉన్నాయి. పెదనాన్న ఆ కళ్ళ ముందు వేలు పెట్టి మెల్లగా అటు జరిపాడు, ఇటు జరిపాడు. కళ్ళు వెంట రాలేదు. చెయ్యి గిల్లాడు, పేరు పెట్టి పిలిచాడు, చిన్నప్పటి తిట్లన్నీ తిట్టాడు. నాన్న గోడ వైపు చూస్తున్నట్టే ఉన్నాడు, గోడని మాత్రం చూడటం లేదు.

ఆ తర్వాత రోజులన్నీ అంతే. పొద్దున కళ్ళు తెరుచుకునేవి, సాయంత్రం మూసుకునేవి. ఇంట్లో దీపాలు వెలుగుతున్నాయి, తలుపు కొడితే మాత్రం ఎవరూ పలకరు. పెదనాన్న ఆయన తలకి వైర్లు పెట్టి చూశాడు. గీతలు ఉన్నాయి, బద్ధకంగా, పొడుగ్గా. "ఉన్నాయి గానీ, ఏమంటున్నాయో తెలీడం లేదు తల్లీ" అన్నాడు నాతో.

సరిగ్గా ఆ రోజుల్లోనే డాక్టరమ్మ దగ్గరికి ఒక కొత్త మిషను వచ్చింది. ఎనిమిది అంకె ఆకారంలో చుట్టిన తీగ, దానికి పిడి. తల పైన ఆనించి మీట నొక్కితే టక్‌మని చప్పుడవుతుంది. ఆ క్షణంలో అయస్కాంత శక్తి పుర్రె దాటి లోపలికి వెళ్ళి, మెదడులో సరిగ్గా ఆ చోట చిన్న కరెంటు పుట్టిస్తుంది. కోయక్కర్లేదు, గుచ్చక్కర్లేదు. అదే సమయానికి టోపీలోని అరవై వైర్లూ వింటూ ఉంటాయి.

"ఊరికే గీతలు చూస్తే ఎవరి గొడవ వాళ్ళు చెప్పుకుంటున్నట్టే ఉంటుంది" అని పెదనాన్నకి చెప్పింది డాక్టరమ్మ. "ఒకళ్ళ మాట ఇంకొకళ్ళకి అందుతోందా లేదా తెలియాలంటే, ఒకచోట మనమే తట్టాలి. తట్టి, మిగతా చోట్లు ఏమంటాయో వినాలి. కానీ ముందు బాగున్నవాళ్ళ తల మీద చూడాలి."

"నా తలుంది కదమ్మా" అన్నాడు పెదనాన్న.

ఆ రోజు నేనూ అక్కడే ఉన్నాను. హెడ్‌మాస్టారి తలకి టోపీ పెట్టాలంటే అందరికీ భయమే. ఆయన అద్దంలో చూస్తూ నా చేతే చేయించాడు. టోపీలో వైరు కూర్చునే ఒక్కో చిన్న గిన్నె కింద మొండి సూదితో జుట్టు తప్పించి, చర్మం రుద్ది, జెల్లు నింపాలి. బాగా అంటితే కంప్యూటరు మీద ఆ చోటి ఎర్ర చుక్క పచ్చగా మారుతుంది. "ఆ మూలది ఇంకా ఎర్రగానే ఉంది, పిల్లా. జెల్లు నాకు తినిపిస్తున్నావా, తలకి పెడుతున్నావా?" అరవై చుక్కలూ పచ్చబడేసరికి నా నడుం పడిపోయింది. మీట చప్పుడు వినపడకుండా ఆయన చెవుల్లో హోరు వినిపించే గొట్టాలు పెట్టారు. చప్పుడు వింటే మెదడు దానికీ పలుకుతుంది కదా, అప్పుడు ఏది దేనికి జవాబో తెలియదు.

రెండు వందల సార్లు తట్టారు. వాటన్నిటి సగటు తీసి, డాక్టరమ్మ దాన్ని తల బొమ్మ మీద రంగులుగా చూపించింది. నిజానికి సెకనులో మూడో వంతు. చూడ్డానికి వీలుగా దాన్ని సాగదీసింది.

తట్టిన చోట, కుడి పక్క నడినెత్తికి కొంచెం వెనక, ఒక చుక్క వెలిగింది. అది ఆరేలోపు ముందు పక్క ఇంకోటి వెలిగింది. అక్కణ్ణించి నడినెత్తి దాటి ఎడమ వైపుకి పోయింది. ఎడమ నుంచి వెనక్కి, వెనక నుంచి మళ్ళీ బయల్దేరిన చోటికి. ప్రతి చోటూ తన తీరులో పలుకుతోంది. ఒకటి పొట్టి అల, ఒకటి పొడుగు అల. ఇదంతా ఒక్క రెప్పపాటులో.

పెదనాన్న టోపీతోనే లేచి స్క్రీను దగ్గరికి వెళ్ళబోయాడు, వైర్లు లాగి కూర్చోబెట్టాయి. "ఇది నాదేనా?" అన్నాడు.

"నీదే."

"నేనేం ఆలోచించలేదే అప్పుడు! మధ్యాహ్నం భోజనం గురించి తప్ప."

"నీకు తెలియకుండానే జరుగుతుంది. ఎప్పుడూ జరుగుతూనే ఉంటుంది."

భోజనం అయ్యాక ఆయన్ని అదే మంచం మీద పడుకోబెట్టారు. మా పెదనాన్న కునుకు తీయడంలో ఘనుడు, నిలబెట్టినా నిద్రపోతాడు. పావుగంటలో గురక. గాఢంగా నిద్రపోయాడని గీతలు చూసి నిర్ధారించుకున్నాక, డాక్టరమ్మ అదే చోట, అదే బలంతో తట్టింది. అక్కడ పెద్ద అల లేచింది. పొద్దున కన్నా పెద్దది. లేచి, అక్కడే పడిపోయింది. చుట్టూ నిశ్శబ్దం.

"చూశావా" అని నాతో గొంతు తగ్గించి అంది. "గట్టిగానే అరిచింది. పక్కింటికి కూడా వినపడలేదు."

లేచాక ఆ రెండు బొమ్మలూ పక్కపక్కన పెట్టి చూపిస్తే పెదనాన్న ఇది ఒకసారి, అది ఒకసారి చూశాడు. తలకంటిన జెల్లు తువ్వాలుతో తుడుచుకుంటూ, తుడుచుకోవడం మధ్యలో ఆపి అడిగాడు. "డాక్టరమ్మా, అన్ని చోట్లూ అక్కడే ఉన్నాయి. ఒక్కటీ చావలేదు. వాటి మధ్య మాటలే లేవు. మరి అప్పుడు నేనెక్కడున్నాను?"

డాక్టరమ్మ కళ్ళజోడు తీసి చేత్తో పట్టుకుంది. "అది నాకు తెలీదయ్యా. నాకే కాదు, ఇంతవరకు ఎవరికీ పూర్తిగా తెలీదు."

నాన్న మీద కూడా చేసి చూడటానికి అమ్మ సంతకం పెట్టింది. ఇది పరీక్షే గానీ వైద్యం కాదని, మూర్ఛ లాంటిది రాకుండా జాగ్రత్తగా చూస్తామని డాక్టరమ్మ రెండుసార్లు చెప్పింది. నాన్నకి అయిదో వారంలో ఆ పరీక్ష చేశారు. టోపీ సరిగ్గా కూర్చోవాలని పెదనాన్న ముందు ఆయన జుట్టు పొట్టిగా కత్తిరించాడు. ఒక చేత్తో ఆ తలని ఎత్తి పట్టుకుని, ఇంకో చేత్తో కత్తెర. కబుర్లు లేకుండా ఆయన జుట్టు కత్తిరించడం నేను చూడటం అదే మొదలు.

కళ్ళు తెరుచుకుని పడుకున్న నాన్న తల మీద మీట టక్‌టక్‌మంది. బొమ్మ మీద ఒక్క చుక్క వెలిగింది. పెద్దగా వెలిగి, అక్కడే ఆరిపోయింది. పెదనాన్న గురకపెట్టి నిద్రపోయినప్పటి బొమ్మే. కళ్ళు మాత్రం తెరిచి ఉన్నాయి.

వరండాలో నిలబడ్డ అమ్మకి పెదనాన్న దాచకుండా చెప్పాడు. "పలికింది అమ్మాయ్. కానీ తట్టిన చోటు ఒక్కటే పలికింది. మిగతావాళ్ళకి అందలేదు."

అమ్మ కళ్ళొత్తుకుని, "ఒకరు లేచారు కదా బావగారూ. మిగతావాళ్ళూ లేస్తారు. మీ తమ్ముడు ఏనాడు ఒక్క పిలుపుకి లేచారు గనక!" అంది. ఆ మాటకి పెదనాన్న నవ్వబోయి, నవ్వలేక, నీళ్ళు తాగే వంకతో అటు వెళ్ళిపోయాడు.

ఆ తర్వాత రెండు వారాలూ ఆయన రోజూ డ్యూటీ దిగగానే తమ్ముడి మంచం పక్కకి వచ్చేవాడు. గడ్డం గీసేవాడు, తల పట్టేవాడు, ఆస్పత్రి విశేషాలన్నీ చెప్పేవాడు. వింటున్నాడా లేదా అని ఎవరైనా అడిగితే, "వినడం వాడి పని, చెప్పడం నా పని" అనేవాడు. మంచం మీద ఏ మార్పూ లేదు. గిల్లితే పలకలేదు. చెయ్యి నొక్కమంటే నొక్కలేదు. నర్సులు మాతో మెత్తగా మాట్లాడటం మొదలుపెట్టారు. దానికి అర్థం ఏమిటో మాకు తెలుసు.

ఏడో వారం. మళ్ళీ టోపీ, మళ్ళీ అరవై చుక్కలు. పెదనాన్న వేళ్ళ కింద అవి ఒక్కొక్కటే పచ్చబడ్డాయి. మళ్ళీ రెండు వందల తట్లు. డాక్టరమ్మ సగటు తీసి బొమ్మ నడిపించింది. మేం ముగ్గురం వంగి చూస్తున్నాం.

చుక్క వెలిగింది. ఆరబోయింది. నేను అప్పటికే తల దించేశాను. పెదనాన్న నా భుజం పట్టుకున్నాడు, గోళ్ళు దిగేంత గట్టిగా.

ముందు పక్క, జానెడు దూరంలో, ఇంకో చుక్క. చిన్నది, ఆలస్యంగా వచ్చింది. కానీ వచ్చింది. దాని తర్వాత ఇంకోటి. ఆ తర్వాత నడినెత్తి దాటి ఎడమ పక్కన, మసగ్గా, ఉందా లేదా అన్నట్టు ఒకటి. డాక్టరమ్మ నమ్మలేక లెక్కంతా మొదటి నుంచి మళ్ళీ చేయించింది. మళ్ళీ అదే దారి. మళ్ళీ అదే వరస.

నేను వెనక్కి తిరిగి నాన్నని చూశాను. ఏం లేదు. అదే చూపు, అదే సగం తెరిచిన నోరు. మంచం మీద ఏమీ జరగలేదు. నుదుటి వెనక, ఎవరికీ కనపడని చోట, ఒక చోటి కబురు ఇంకో చోటికి చేరుతోంది. ఏడు వారాలు మూసుకుపోయిన దారుల్లో ఎవరో నడిచారు.

"దాటింది" అన్నాడు పెదనాన్న. "దాటిందమ్మా. అటు పక్కకి దాటింది." అని అక్కడే నేల మీద కూర్చుండిపోయాడు.

"దీన్ని చూసి నేను మాట ఇవ్వలేను" అంది డాక్టరమ్మ. "కానీ ఇకనుంచి వేలు చూపించొద్దు, అద్దం చూపించండి. మనిషి కళ్ళు ముందుగా వెంబడించేది తన మొహాన్నే."

అద్దం పట్టడం ఎవరికి చేతనవును, ఆయనకి తప్ప? కటింగ్ అయ్యాక వెనక తల చూపించే గుండ్రటి చేతి అద్దం తెచ్చాడు. పొద్దునొకసారి, సాయంత్రమొకసారి. మొదటి పది రోజులు ఏమీ లేదు. పదకొండో రోజు పొద్దున అద్దం కుడి వైపుకి జరుగుతుంటే, నాన్న కళ్ళు ముందు ఆగి, తర్వాత బరువుగా, రాయి దొర్లినట్టు, కుడి వైపుకి కదిలాయి. ఎడమకి జరిపితే ఎడమకి వచ్చాయి. పెదనాన్న అద్దాన్ని దించకుండా అలాగే పట్టుకుని, "ఒరేయ్, బాగా చిక్కిపోయావు కదరా, చూసుకో" అన్నాడు.

ఇంకో నెలకి చెయ్యి నొక్కమంటే నొక్కాడు, ఎడమ చెయ్యి. తర్వాత తల ఊపడం వచ్చింది. మాట మాత్రం రాలేదు. నాలుగో నెలలో మరోసారి టోపీ పెట్టారు. పెదనాన్న మొండి సూదితో జెల్లు నింపుతున్నాడు. నాన్న మొహం చిట్లించాడు. పెదవులు కలిశాయి, విడిపోయాయి, మళ్ళీ కలిశాయి.

"చ... ల్లగా... ఉంది."

అమ్మ నోటికి కొంగు అడ్డుపెట్టుకుంది. పెదనాన్న సూది పక్కన పెట్టి, రెండు చేతులూ నడుం మీద వేసుకుని, కళ్ళమ్మట నీళ్ళు కారుతుంటే గదంతా వినపడేలా అన్నాడు. "చూశారా! నాలుగు నెలలకి నోరు తెరిచి, వీడు నా పనికే వంక పెట్టాడు!"

ఆ రోజు బొమ్మలో వెలుగు తలంతా తిరిగింది. పెదనాన్న బొమ్మంత చురుగ్గా కాదు, కొన్ని సందులు ఇంకా చీకటిగానే ఉన్నాయి. కొన్ని చోట్లకి కబురు చుట్టుదారిలో వెళ్ళింది. కానీ వెళ్ళింది. "చిన్నప్పుడు కూడా వీడింతే, బజారుకి పంపితే ఊరంతా తిరిగొచ్చేవాడు" అన్నాడు పెదనాన్న.

నాన్న ఆ తర్వాత పద్దెనిమిదేళ్ళు బతికాడు. మళ్ళీ నిచ్చెన ఎక్కలేదు. కుడి చెయ్యి వణికేది. ఎడమ చేత్తో రాయడం నేర్చుకున్నాడు. బోర్డుని నేల మీద పరిచి, పక్కన పీట వేసుకుని, ఒక్కో అక్షరం రాసేవాడు. ఒకప్పుడు పూట పట్టే బోర్డుకి నాలుగు రోజులు పట్టేది. అక్షరాలు మునుపటంత నిటారుగా ఉండేవి కావు, కొంచెం ఒరిగి ఉండేవి. వాటిని ఇష్టపడేవాళ్ళు కూడా ఉన్నారు.

పెదనాన్న రిటైరయ్యే ముందు ఆస్పత్రివాళ్ళు ఆయన చేత ఇద్దరు అమ్మాయిలకి పని నేర్పించారు. ఆయన వాళ్ళకి ముందుగా నేర్పింది టేపు కొలతలు కాదు. తల మీద చెయ్యి వేసేముందు అడగాలని. "మంచం మీదున్నవాళ్ళు పలక్కపోయినా సరే అడగండి. లోపల ఎవరు ఎవరితో మాట్లాడుకుంటున్నారో మనకేం తెలుసు?" అనేవాడు. బస్సులో వెళ్తుంటే ముందు సీట్లలోని తలలన్నీ వరసగా చూసేవాడు. ఏమిటలా చూస్తావు పెదనాన్నా అని నేనడిగితే, "ఇంత హడావిడి జరుగుతోందా, ఒక్కళ్ళకీ చప్పుడు వినపడదే!" అనేవాడు, అప్పుడే ఎవరో చెప్పినట్టు.

నాన్నకి మాట వచ్చింది గానీ, ఎప్పుడూ ఆలస్యంగానే వచ్చేది. ఏదైనా అడిగితే ఆయన కళ్ళు కిందికి దిగేవి, పెదవులు కదిలేవి, జవాబు రావడానికి ఒక్కోసారి అర నిమిషం పట్టేది. అమ్మా నేనూ ఆగలేకపోయేవాళ్ళం. ఆయన చెప్పబోయేది మేమే చెప్పేసేవాళ్ళం. పెదనాన్న ఒక్కడే ఆగేవాడు.

ఒక సాయంత్రం నలుగురం గుమ్మంలో కూర్చున్నాం. ఎదురింటివాళ్ళు గోడకి కొత్త రంగు వేయిస్తున్నారు. పెదనాన్న, "ఏరా, ఆ రంగు ఎలా ఉంది?" అని అడిగాడు. నాన్న గోడ వైపు చూశాడు. కళ్ళు దించుకున్నాడు. అమ్మ, "బాగానే ఉందంటారు, ఇంకేమంటారు" అంది.

పెదనాన్న చెయ్యెత్తి ఆపాడు. "ఆగమ్మా, దారిలో ఉంది."

ఆయన కాస్త ముందుకి వంగి తమ్ముడి మొహాన్నే చూస్తున్నాడు. మేమూ ఆగాం. రంగు వేసేవాడు బ్రష్షు ముంచాడు, గోడ మీద రెండు సార్లు లాగాడు, మళ్ళీ ముంచాడు.

"నీళ్ళు... ఎక్కువ... కలిపాడు" అన్నాడు నాన్న.